‘హీరోవి నువ్వే’ అన్న అబద్ధం

వీడియో గేముల గురించి రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు, అమ్మేవాళ్లు అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకునే మాట ఒకటుంది. సినిమాలో హీరోని చూస్తాం, గేములో హీరో మనమే అవుతాం అని. ట్రైలర్లలో ఇదే, రివ్యూల్లో ఇదే, యూట్యూబ్‌లో కొత్త గేము ఆడి చూపించే తెలుగు కుర్రాళ్ల నోట కూడా ఇదే. ఒక రకం పరకాయ ప్రవేశం అన్నమాట. ఇది ఒట్టి పొగడ్తగా మిగిలిపోతే పోనీలే అనుకోవచ్చు. కానీ దీని చుట్టూ ఒక సిద్ధాంతమే పెరిగింది. లోపలికి ప్రవేశించాలంటే కాయం ఖాళీగా ఉండాలి కదా! కాబట్టి కథానాయకుడికి మాట ఉండకూడదు, గతం ఉండకూడదు, వీలైతే ముఖం కూడా ఉండకూడదు. కెమెరా అతని కళ్లలోనే ఉండాలి. ముక్కు, జుట్టు, ఒంటిరంగు ఆడేవాడే దిద్దుకోవాలి. పాత్ర ఎంత పలచబడితే ఆటగాడు అంత లోతుకి మునుగుతాడట. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. గేములో పాత్రలో లీనమవడమంటే మనం కాని ఒక మనిషి బరువు మన చేతుల మీద పడడం. ఆ మనిషి ఎంత గట్టిగా తాను తానుగా ఉంటే ఆ లీనత అంత గట్టిగా ఉంటుంది.

సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2000ల్లో మన ఊళ్లలో ఇంట్లోనో నెట్ సెంటర్లోనో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాళ్లలో ‘జీటీఏ వైస్ సిటీ’ ఎరగనివాళ్లు తక్కువ. మిషన్లు ఆడినవాళ్లకంటే చీట్ కోడ్లు కొట్టినవాళ్లే ఎక్కువనుకోండి. పాంజర్ అని టైపు చేస్తే ఎదురుగా ట్యాంకు దిగేది, ఇక కథతో పనేముంది? అయినా ఆ నీలం హవాయి చొక్కా మనిషి ఎవరని ఇవాళ అడిగినా టామీ వెర్సెట్టి అని ఠక్కున చెప్తారు. సరిగ్గా దానికి ముందు ఏడాది, 2001లో, అదే రాక్‌స్టార్ కంపెనీ ‘జీటీఏ త్రీ’ తెచ్చింది. అందులో కథానాయకుడు మొదటినుంచి చివరిదాకా పెదవి విప్పడు. కథలో ఎవరూ అతన్ని పేరుపెట్టి పిలవరు, క్లాడ్ అన్న పేరు ఆ తర్వాతి ‘శాన్ ఆండ్రియాస్’ గేములో గానీ వినపడలేదు. నగరం, కార్లు, తుపాకులు, ఎటు పడితే అటు తిరిగే స్వేచ్ఛ రెండింటిలోనూ ఉన్నాయి. సిద్ధాంతమే నిజమైతే మన మనసుకి దగ్గరవాల్సింది నోరులేని క్లాడ్. 15 ఏళ్లు జైల్లో మగ్గి, రే లియోటా గొంతుతో విసుక్కుంటూ, తనని ఇరికించిన బాస్ మీద పళ్లు నూరే టామీ మనకి అడ్డు తగలాలి. జరిగింది తలకిందులు. ఆ తేడా కంపెనీ కూడా గ్రహించినట్టే ఉంది. సీజే, నీకో, ట్రెవర్... ఆ తర్వాత వచ్చిన ప్రధాన గేముల్లో నోరులేని కథానాయకుడు మళ్లీ కనపడలేదు.

అవతలి పక్షానికి ఇంతకంటే గట్టి సాక్షి ఒకడున్నాడు, గోర్డన్ ఫ్రీమన్. 1998లో వాల్వ్ కంపెనీ తీసిన ‘హాఫ్ లైఫ్’లో అతను ఎంఐటీలో డాక్టరేట్ చేసిన భౌతికశాస్త్రవేత్త. ఒక్క మాట మాట్లాడడు. కెమెరా అతని కళ్లు దాటి బయటికి రాదు, మధ్యలో సినిమా ముక్కలు అడ్డం రావు. గేము మొదలవడమే ఒక ట్రామ్ ప్రయాణం. బ్లాక్ మీసా అనే భూగర్భ పరిశోధన కేంద్రంలోకి నిమిషాల తరబడి వెళ్తూనే ఉంటాం, చుట్టూ చూడడం తప్ప చేసేదేమీ ఉండదు. ఆడినవాళ్లు మరచిపోలేని అనుభవమే, కాదనను. కానీ అక్కడ మనం మునిగింది దేంట్లో? ఆ గోడల్లో, ఆ అలారం మోతల్లో, ఏదో ఘోరం జరగబోతోందన్న గాలిలో. గోర్డన్ ఎలాంటివాడో నాలుగు ముక్కల్లో చెప్పమంటే కళ్లద్దాలు, గడ్డం, చేతిలో గునపం అంటారు. డబ్బా మీద బొమ్మ చూసినవాడు కూడా ఆ మాత్రం చెప్తాడు. చోటులో మునగడం వేరు, మనిషిలో మునగడం వేరు. మొదటిదానికి దక్కాల్సిన కీర్తిని రెండోదాని ఖాతాలో వేయడమే ఈ వాదంలో ఉన్న పెద్ద మాయ. 2004లో వచ్చిన రెండో భాగంలో గోర్డన్ పక్కన ఆలిక్స్ వాన్స్ అనే అమ్మాయిని పెట్టారు. నవ్వడం, భయపడడం, తండ్రి గురించి తల్లడిల్లడం అంతా ఆమె వంతు. గోర్డన్ మౌనం మీద ఆమె జోకు కూడా వేస్తుంది. ఇక 2020లో అదే కంపెనీ ‘హాఫ్ లైఫ్: ఆలిక్స్’ తెచ్చింది. కళ్లకి వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకుని, సొంత చేతులు ఆడిస్తూ ఆడే గేము. లీనతకి మౌనమే ప్రాణమైతే అది అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది ఇక్కడ. కానీ ఇక్కడ మనం ఆడే పాత్ర ఆలిక్స్, ఆమె గలగలా మాట్లాడుతుంది. మౌననాయకుడికి పేరు తెచ్చిన కంపెనీయే, తెర కూడా అడ్డులేని చోట, మౌనాన్ని పక్కన పెట్టింది.

అసలు విచారించాల్సిన కేసు ఆర్థర్ మోర్గన్‌ది. 2018 అక్టోబరులో వచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ టూ’లో కథాకాలం 1899, చోటు అమెరికా పడమటి సరిహద్దులు. డచ్ అనే మాటల మరాఠీ నడిపే దొంగల ముఠాకి ఆర్థర్ కుడిభుజం. ఇతనిలో ఖాళీ అన్నదే లేదు. తనదంటూ ఒక యాస ఉంది, నడక ఉంది, దక్కకుండా పోయిన ప్రేమ ఉంది, దొంగల చేతిలో చనిపోయిన కొడుకున్నాడు. బట్టలు మార్చగలం, గడ్డం గీయించగలం, అతిగా తినిపించి లావెక్కించగలం. అంతకుమించి అతను మన మాట వినడు. సొరుగులు వెతకమంటే వంగి ఒక్కొక్కటే లాగి చూస్తాడు. వేటాడిన జింక తోలు ఒలవమంటే తీరిగ్గా ఒలుస్తాడు. ఈ నత్తనడక ఏంటని చాలామంది ఆటగాళ్లు తిట్టిపోశారు. తిట్టడంలో తప్పులేదు గానీ, వాళ్లకి చిరాకు తెప్పించింది ఆర్థర్ ఒంటి బరువు. ఆ ఒళ్లు మనది కాదు కాబట్టే మన తొందరకి లొంగలేదు. ఇక అతని డైరీ. మనం ఏ కొండకి తిప్పితే ఆ కొండ, ఏ పక్షిని చూపిస్తే ఆ పక్షి పెన్సిల్‌తో గీసుకుంటాడు, మనుషుల గురించి తనకి తోచింది రాసుకుంటాడు. మనం చదవగలమే గానీ అందులో ఒక్క అక్షరం రాయలేం. రోజంతా మన బొటనవేళ్ల కింద ఉన్నవాడు లోపల ఏమనుకున్నాడో పేజీ తిప్పితే తప్ప తెలియదు. తిప్పితే, ఇంత మొరటు మనిషి చెయ్యి ఇంత సున్నితమా అని విస్తుపోతాం. నా డైరీలో నేను రాసుకున్నది నన్నెలా విస్తుపరుస్తుంది?

ఆ గేము తొలి భాగంలోనే ఆర్థర్ ఒక బాకీ వసూలుకి వెళ్తాడు. బాకీదారు థామస్ డౌన్స్, దగ్గుతో కుంగిపోయిన మనిషి. అతన్ని కొట్టాలి. వద్దనుకుంటే కుదరదు, బటన్ మనమే నొక్కాలి. కొడుతుండగా అతను దగ్గితే ఆ నెత్తురు ఆర్థర్ ముఖం మీద పడుతుంది. ఎన్నో గంటల ఆట తర్వాత సెయింట్ డెనిస్ వీధిలో ఆర్థర్ కుప్పకూలతాడు, డాక్టరు క్షయ అని తేలుస్తాడు. అక్కడినుంచి అతని ముఖం పాలిపోతుంది, ఎంత తినిపించినా ఒళ్లు చేయదు. చివరికి ఆర్థర్ చనిపోతాడు, గేము మాత్రం ఆగదు. 1907లో జాన్ మార్‌స్టన్ అనే పాత మిత్రుడిగా మిగతా కథ ఆడాలి. అవే కొండలు, అవే బటన్లు, అదే గుర్రపు స్వారీ. ఆర్థర్ డైరీ కూడా జాన్ చేతికే వస్తుంది. అందులో బొమ్మలు మాత్రం వంకరటింకరగా తయారవుతాయి, జాన్‌కి బొమ్మలు వేయడం రాదు కాబట్టి. ఆ పేజీ చూసినప్పుడు ఆటగాడికి గుండెలో కలుక్కుమంటుంది. ‘హీరోవి నువ్వే’ సిద్ధాంతం దీనికి ఏం సంజాయిషీ చెప్తుంది? ఇన్నాళ్లూ నేనే ఆర్థర్‌ని అయితే ఇప్పుడు నేనే జాన్‌ని. ఒక కాయం వదిలి ఇంకో కాయంలో చేరాను, నాకేం పోయింది? తన చావుకి తాను ఏడ్చినవాడు లోకంలో లేడు. ఆర్థర్ కోసం ఇంతమంది కన్నీళ్లు పెట్టుకున్నారంటే అతను వాళ్లకి ఎప్పుడూ వేరే మనిషే. అంతసేపూ చెయ్యి కలిపి నడిచిన వేరే మనిషి. చెప్పొచ్చేదేంటంటే, ఈ గేమునంతా కావాలంటే ఆర్థర్ కళ్లలోంచే ఆడే సదుపాయం కూడా ఉంది. అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఆ కళ్లలోంచి కనపడిన దృశ్యం కంటే ఆ ముఖాన్నే.

ఈ సంగతి మన అలంకారికులకి కొత్తేమీ కాదు. రంగస్థలం మీద రాముడి వేషం కట్టిన నటుణ్ని చూసినప్పుడు ప్రేక్షకుడి తెలివిడి ఎలాంటిదని శంకుకుడు తరచి చూశాడు. ఇతను రాముడే అన్న నిశ్చయమూ కాదు, కాడన్న నిశ్చయమూ కాదు, అవునా కాదా అన్న సందేహమూ కాదు, రాముడిలా ఉన్నాడన్న పోలికా కాదు. బొమ్మలో గుర్రాన్ని చూసి గుర్రమంటామే, ఆ తరహా అయిదో తెలివిడి. దాన్నే చిత్రతురగ న్యాయం అన్నారు. తర్వాత వచ్చిన అభినవగుప్తుడు శంకుకుడి రససిద్ధాంతంలో లోపాలు ఎత్తిచూపాడు, అది వేరే చర్చ. మనకి కావాల్సింది ఒక్కటే. రసానుభవానికి ‘నేనే అతను’ అన్న భ్రమ అక్కర్లేదని వెయ్యేళ్ల కిందటే తేల్చుకున్న సంప్రదాయం మనది. గేముల సిద్ధాంతకర్తల్లోనూ ఈ భ్రమని తప్పుపట్టినవాళ్లున్నారు. కేటీ సాలెన్, ఎరిక్ జిమ్మర్‌మన్ తమ 2003 పుస్తకంలో దీనికి లీనతా దోషం అనే అర్థంలో ఒక పేరే పెట్టారు. ఆడేవాడు ఇది ఆట అన్న ఎరుకని పోగొట్టుకోడు, ఆ ఎరుకతోనే ఆటలో పడతాడని వాళ్ల మాట. ఇంత స్పష్టంగా చెప్పినా ప్రకటనలు రాసేవాళ్ల చెవికెక్కలేదు.

మరి ప్రేక్షకుడికీ ఆటగాడికీ తేడా లేదా అంటే, ఉంది. తేడా చేతుల్లో ఉంది. 2013లో జోసెఫ్ ఫారెస్ దర్శకత్వంలో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ అనే చిన్న గేము చూడండి. జబ్బుపడిన తండ్రికి మందు తేవడానికి ఇద్దరు అన్నదమ్ములు బయల్దేరతారు. కంట్రోలర్ ఎడమవైపు అన్న, కుడివైపు తమ్ముడు. ఎడమచేతి స్టిక్ తిప్పితే అన్న నడుస్తాడు, కుడిచేతిది తిప్పితే తమ్ముడు. వేళ్ల దగ్గర ఒక్కో బటన్, అంతే. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది కాబట్టి తమ్ముడికి నీళ్లంటే భయం. ఏరు దాటాల్సి వస్తే అన్న ఈదుతాడు, తమ్ముడు అతని వీపు పట్టుకుని వేలాడతాడు. దారిలో అన్న చనిపోతాడు, తమ్ముడే అతన్ని పాతిపెట్టాలి. అక్కడినుంచి మన ఎడమచెయ్యి ఊరికే పడి ఉంటుంది. ఇంటికి తిరిగొచ్చే దారిలో నీళ్లు అడ్డం. తమ్ముడి బటన్ ఎంత నొక్కినా వాడు ముందుకి దిగడు. ఏం చేయాలో పాలుపోక తడుముకుంటూ ఎడమచేతి బటన్, అన్న బటన్ నొక్కితే అప్పుడు ఈదుతాడు. ఇక్కడ ముఖం దిద్దుకోవడం లేదు. కెమెరా ఎక్కడో పైన ఉంది. ఆ అన్నదమ్ములు మాట్లాడేది ఏ దేశంలోనూ లేని భాష. వాళ్లిద్దరూ మనం కారు, ఒకేసారి ఇద్దరం కాలేం కూడా. అయినా ఆ క్షణంలో అన్న లేని లోటు ఎడమచేతి వేళ్లకి తెలుస్తుంది. పాత్ర తాను పాత్రగా ఉండి, మన చేతిని వాడుకుంటే వచ్చే లీనత ఇది. పరకాయ ప్రవేశంతో దీనికి సంబంధం లేదు.

ఇక అభ్యంతరాలు. గేము ఆడేవాడు ‘వాడు చచ్చాడు’ అనడు, ‘నేను చచ్చా’ అంటాడు కదా, అదే రుజువు కాదా అంటారు. వెనకనుంచి కారుకి డాష్ తగిలితే మనవాళ్లు ‘నన్ను గుద్దేశాడు’ అనే అంటారు. అంతమాత్రాన తమని మారుతీ కారు అనుకుంటున్నట్టు కాదు. చేతిలో ఉన్న పనిముట్టుని మనతో కలిపి మాట్లాడడం మనిషి అలవాటు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. స్టాన్‌ఫర్డ్‌లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్‌సన్ 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, పొడుగాటి బొమ్మశరీరం దక్కినవాళ్లు డబ్బు పంపకాల బేరంలో తమవైపు ఎక్కువ లాక్కున్నారు. పొట్టి శరీరం దక్కినవాళ్లు అన్యాయమైన వాటాకి కూడా తలూపారు. ప్రోటియస్ ప్రభావం అని దీనికి పేరు. చూశారా, మనిషి బొమ్మలో కలిసిపోతున్నాడు అంటారు. కానీ ఆ శరీరాలు వాళ్లు ఎంచుకున్నవి కావు, ప్రయోగం చేసినవాళ్లు అంటగట్టినవి. ఆ పొడుగు వాళ్ల మీద పనిచేసింది అది వాళ్లది కాదు కాబట్టే. శరీరం ఖాళీ పాత్ర అయితే అందులో పోసినవాడే మిగిలేవాడు, ఇక్కడ పాత్రే మనిషిని తనవైపు లాగింది. మనం స్వయంగా దిద్దుకున్న పాత్ర కూడా ఎంతసేపో మనదిగా ఉండదు. జేమ్స్ పాల్ గీ అనే భాషాశాస్త్రవేత్త గేములూ చదువుల మీద 2003లో రాసిన పుస్తకంలో ‘ఆర్కేనమ్’ అనే గేము ఆడిన తీరు చెప్తాడు. బీడ్ బీడ్ అనే అమ్మాయి పాత్రని ఆయనే తయారుచేసుకున్నాడు. చావుబతుకుల్లో ఉన్న ముసలాయన ఆమెకిచ్చిన ఉంగరాన్ని తెలియక అమ్మించేశాడు. గేము దానికి శిక్షేమీ వేయలేదు. ఆయన మాత్రం బాధపడ్డాడు, బీడ్ బీడ్ అలాంటి పని చేసే మనిషి కాకూడదనుకున్నాడు. తానే కల్పించిన పాత్రకి తానే బాకీపడ్డాడన్నమాట. ఆటగాడికీ పాత్రకీ నడుమ మూడో చోటొకటి ఉందని, అసలు ఆట అక్కడే జరుగుతుందని గీ నిర్ధారణ. ఆ చోటు ఉండాలంటే అటూ ఇటూ ఇద్దరు ఉండాలి.

మరైతే 2015లో ‘ఫాలౌట్ 4’లో కథానాయకుడికి గొంతు పెడితే అభిమానులు ఎందుకు గొడవ చేశారు, అదే కంపెనీ 2023 నాటి ‘స్టార్‌ఫీల్డ్’కి మళ్లీ మౌనానికి ఎందుకు వెళ్లింది? మంచి ప్రశ్నే. గొడవ గొంతు మీద కంటే ఆ గొంతు చేసిన మోసం మీద జరిగింది. తెరమీద రెండు ముక్కల సమాధానం కనపడేది, ఎంచుకున్నాక పాత్ర నోటివెంట ఇంకేదో వచ్చేది. కథేమో ఎత్తుకుపోయిన పసిబిడ్డ కోసం గుండెలు బాదుకోమనేది, గేమేమో తీరిగ్గా ఇళ్లు కట్టుకోమనేది. అతన్ని పూర్తిగా వేరే మనిషిగానూ నిలబెట్టలేదు, పూర్తిగా ఆటగాడికీ వదిలేయలేదు. సగం కట్టిన మనిషి చెడితే మనుషుల్ని కట్టడమే మానేయాలనడం ఎక్కడి న్యాయం? అదే 2015లో వచ్చిన ‘విచర్ 3’లో గెరాల్ట్‌కి నెరిసిన జుట్టు, బొంగురు గొంతు, పెంపుడు కూతురు అన్నీ ముందే రాసిపెట్టారు. అతను తమలా లేడని అలిగినవాళ్లు ఎందరు?

ఒక్క అభ్యంతరం దగ్గర మాత్రం నేను తలవంచుతాను. గేముల్లో తమలాంటి ముఖం ఎన్నడూ చూడనివాళ్లున్నారు. ఆడవాళ్లు, నల్లజాతివాళ్లు, మన దేశంవాళ్లు. ‘మాస్ ఎఫెక్ట్’లో కమాండర్ షెపర్డ్‌ని ఆడమనిషిగా ఎంచుకునే వీలు చాలామందికి ఎంత ముఖ్యమైందో తెలిసిందే. ముఖం దిద్దుకునే వీలు తీసేయమనడం నా ఉద్దేశం కాదు. కానీ అది గౌరవానికి సంబంధించిన విషయం, లీనతకి కొలబద్ద కాదు. 2020లో పుణె నుంచి వచ్చిన ‘రాజీ’ గేములో తమ్ముడి కోసం వెతికే ఆ పిల్లని ఎవరూ మార్చుకోలేరు. చీరకట్టు, గాజులు ఎంచుకోమని ఇవ్వడం కంటే అలాంటి ఒక రాజీని తయారుచేసి ఇవ్వడం పెద్ద మర్యాద అని నేననుకుంటాను.

విచిత్రం ఏంటంటే, గేముల్ని నెత్తిన పెట్టుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ ఒకే అబద్ధం మీద నిలబడ్డారు. ‘నువ్వే హీరో’ అని అమ్మేవాడు అంటాడు, ‘మావాడు ఆ హంతకుడైపోతున్నాడు’ అని పెద్దలు బెంబేలెత్తుతారు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ని కేంద్రం నిషేధించింది చైనా యాప్‌ల గొడవలో, దేశభద్రత పేరుతో. మన ఇళ్లలో మాత్రం పిల్లలు బాగుపడతారనే సంబరపడ్డారు. పబ్జీలో పాత్రంటూ ఏముంది? పేరు లేదు, కథ లేదు, నోరు లేదు, డబ్బుపెట్టి కొన్న చొక్కా ఉంది. ‘హీరోవి నువ్వే’ సిద్ధాంతం కోరిన ఖాళీ అంతా అందులో ఉంది. పిల్లలు అందులో గంటలకి గంటలు మునిగారు, నిజమే. మునిగింది స్క్వాడ్ స్నేహితుల అరుపుల్లో, ర్యాంకు పిచ్చిలో. ఆ వ్యసనం గురించి దిగులుపడాల్సిందే, కానీ పాత్రగా మారిపోతారన్న దిగులుకి అక్కడ పాత్రే లేదు.

పాత్ర ఉన్నచోట ఏం జరుగుతుందో 2013 నాటి ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ చివరి ఘట్టంలో చూడొచ్చు. మహమ్మారికి మందు కనిపెట్టడానికి ఎల్లీ అనే పిల్ల మెదడు కోయబోతుంటే, ఆమెని కూతురిలా చూసుకున్న జోయెల్ ఆపరేషన్ గదిలోకి చొరబడతాడు. ఎదురుగా కత్తి పట్టుకుని సర్జన్, వెనక ఇంకో ఇద్దరు. జోయెల్ చేస్తున్నది తప్పని తలచి చాలామంది ఆటగాళ్లు అక్కడ తటపటాయించారు. ఎంతసేపు నిలబడినా గేము కదలదు. సర్జన్ చస్తే తప్ప ఎల్లీని ఎత్తుకోవడం కుదరదు, అంతవరకు అది జోయెల్ కథ, ఆ హత్య జోయెల్ నిర్ణయం. మిగిలిన ఇద్దరినీ చంపమని మాత్రం గేము ఎక్కడా అడగదు. వదిలేసి వెళ్లిపోవచ్చు. కాల్చనూ వచ్చు. ఆ ఇద్దరి లెక్కకి జోయెల్ జవాబుదారీ కాదు.